బుల్లెమ్మ గోడ తట్టిన ఇల్లు

మా తోడికోడలు బుల్లెమ్మకి అక్షరం ముక్క రాదు. నేను మూడో తరగతి దాకా వెలగబెట్టాను కాబట్టి దాని సంగతి రాసే పని నా మీద పడింది.

చదువు రాకపోయినా కొబ్బరికాయ విషయంలో దానికి ఎదురు చెప్పేవాడు అంబాజీపేట చుట్టుపక్కల లేడు. రెండు కాయల్ని ఒకదానికొకటి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది లేతది, ఇది ముదిరింది, ఇది లోపల కుళ్ళింది అని చెప్పేస్తుంది. ముప్పై ఏళ్ళు కొబ్బరి షెడ్డులో కాయలు ఏరింది. ఒకసారి షావుకారు, "పది కుళ్ళుకాయలు బస్తా అడుగున పడితే ఎవడు చూస్తాడే?" అన్నాడట. "నేను చూస్తానండి" అని ఆ పదీ ఆయన కాళ్ళ దగ్గర దొర్లించి ఇంటికొచ్చేసింది. నేను తిట్టని తిట్టు లేదు. మూడో రోజున షావుకారే మనిషిని పంపించి పిలిపించుకున్నాడు. అంత మొండిఘటం.

మా మరిది పెళ్ళయిన ఆరేళ్ళకే పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, వెంకటదుర్గ. హైదరాబాదులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు గణేష్‌బాబు ఎలక్ట్రీషియను. పద్నాలుగేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారారు. ఒకావిడ చేపలు వండొద్దంది. ఒకాయన చుట్టాలొస్తే రెండు రోజులకి మించి ఉండకూడదన్నాడు. ఇంకొకాయన గోడకి మేకు కొడితే కొంప మునిగినట్టు కేకలేశాడు. సొంతానికి కొనుక్కుందామంటే, ఇక్కడ అరెకరం తోట అమ్మిన డబ్బుకి ఆ ఊళ్ళో ఒక వంటగది వస్తుంది.

ఎట్టకేలకు ఒక పాత ఫ్లాటు దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, వంటగది చీకటి. ఆ లోపాలు ఉండబట్టే వీళ్ళకి అందింది. బ్యాంకు లోను అయింది, అడ్వాన్సు ఇచ్చారు, గురువారం రిజిస్ట్రేషను. "అమ్మా, సంతకం పెట్టేముందు నువ్వొకసారి చూడాలే" అని పిల్ల ఫోను చేసింది. బుల్లెమ్మని ఒక్కదాన్నీ పంపితే ఎవరికో సీటిచ్చేసి హైదరాబాదు దాకా నిలబడే పోతుంది. అందుకని రావులపాలెంలో నేనూ బస్సెక్కాను.

మంగళవారం వెళ్ళి చూశాం. ఇల్లుగలాయన కుక్కుటేశ్వరరావు గారిది పిఠాపురం. భార్య అన్నపూర్ణమ్మ గారి పుట్టిల్లు ద్రాక్షారామం. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లు ఎక్కలేక, కాకినాడలో కూతురింటి పక్కన కింది వాటాకి వెళ్ళిపోతున్నారు. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి ఆవిడ ట్యూబులైటు వేసుకుని మాకు కాఫీ కలిపారు.

"ఇరవై ఏళ్ళుగా ఇంతేనండి. పప్పులో రాయి కనబడకపోతే నా కంటి లోపమో, గది లోపమో తెలిసేది కాదు" అన్నారు.

బుల్లెమ్మ కాఫీ తాగలేదు. స్టవ్వు పక్క గోడమీద కేలండరు పక్కకి తప్పించి, వేళ్ళ కణుపులతో తట్టింది. జరిగి మరోచోట తట్టింది. చెవి ఆనించింది.

"ఏంటమ్మా అలా కొడుతున్నారు? గోడ గట్టిదేనండి" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

"ఆయ్, ఊరికేనండి అన్నయ్యగారూ" అని, నా చెయ్యీ, దుర్గ చెయ్యీ పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చింది.

"అక్కా, ఆ గోడ ఇంత మేర బోలు" అని చేతులు చాచి చూపించింది. "చుట్టూ గట్టిగా ఉంది, మధ్యలో మాత్రం బోలు. అంచులు గీత గీసినట్టున్నాయి. అది కిటికీయే."

"అమ్మా, నీకు ప్రతిదీ కొబ్బరికాయేనా?" అని దుర్గ విసుక్కుంది.

కిందకి దిగి వాచ్‌మన్‌ని అడిగాం. ఏసుపాదం అని, రాజోలు వైపు మనిషి.

"మీకెవరు చెప్పారమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. "పునాదులప్పటి నుంచీ ఇక్కడే ఉన్నానండి నేను. నా పెరట్లోకి కిటికీలు పెడతారా అని పక్క స్థలం ఆయన గొడవకి దిగితే, బిల్డరు గారు ఆ వరస కిటికీలన్నిటికీ లోపల చెక్క, బయట సిమెంటు రేకు కొట్టి పూసేశారండి. ఫ్లాట్లు అమ్మింది ఆ తరవాతే. ఇప్పుడా స్థలం పార్కు అయిపోయింది. అడ్డు చెప్పేవాళ్ళే లేరు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేంటయ్యా?" అన్నాను.

"ఎవరూ అడగలేదండి."

దుర్గ ముఖం వెలిగిపోయింది. వెంటనే తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, గురువారం దాకా నోరు మెదపకు. వెలుతురున్న ఇల్లని తెలిస్తే రేటు పెంచేస్తారు. మన వెనకాల ఇంకొకళ్ళు కాచుకుని ఉన్నారు. ఇంతకంటే ఒక్క రూపాయి పెరిగినా మా వల్ల కాదు."

"పిల్ల చెప్పింది సబబే. కొన్నాక కొట్టించుకుందాం" అని నేనూ అన్నాను. అన్న మాట దాచను. పద్నాలుగేళ్ళు పరాయి గోడల మధ్య బతికిన పిల్ల వైపు మాట్లాడినందుకు నాకు సిగ్గూ లేదు.

బుల్లెమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆవిడ ఇరవై ఏళ్ళు చీకట్లో వండిందే! ఆవిడ ఇంటి వెలుతురు ఆవిడకి చెప్పకుండా మనం కొనుక్కోడమేంటి?"

"ఇల్లు పోతే?"

"ఇంకోటి చూద్దాం."

"ఇంకోటి లేదే అమ్మా!" అని దుర్గ అరిచేసరికి ఈవిడ మొదటి అంతస్తు దాటేసింది.

సంగతి విని కుక్కుటేశ్వరరావు గారు నవ్వారు. అన్నపూర్ణమ్మ గారు నవ్వలేదు. "ఏసుపాదం, సుత్తి పట్టుకురా" అని కేకేశారు.

కింద పార్కులో ఎవరూ లేకుండా చూసుకుని ఏసుపాదం మొదలుపెట్టాడు. మూడు దెబ్బలకి లోపలి చెక్క ఊడింది. ఊచలతో సహా కిటికీ ఉంది! బయటి రేకుని ఊచల మధ్యనుంచి పగలగొట్టాడు. ఒక్కసారిగా ఎండ, గాలి, దుమ్ము కలిసి వచ్చి పడ్డాయి. బయట గానుగ చెట్టు కొమ్మ చేతికందేటంత దగ్గరలో ఊగుతోంది. స్టీలు డబ్బాలన్నీ తళతళలాడాయి. అప్పటిదాకా తెల్లగా ఉన్నాయనుకున్న వంటగది గోడలు లేత ఆకుపచ్చవని తేలింది.

"తెలుపు వెయ్యమన్నాను కదండీ పెయింటర్ని!" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు, నోరు తెరిచి. తరవాత గొంతు సవరించుకుని, "అయితే మరి... కిటికీ ఉన్న ఇల్లంటే రేటు..." అని మొదలుపెట్టారు.

"కిటికీ మీదా?" అన్నపూర్ణమ్మ గారు ఒంటికాలి మీద లేచారు. "ఇరవై ఏళ్ళు దానికి కేలండరు తగిలించారు. కనిపెట్టింది ఆవిడ!"

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆవిడ కుర్చీ జరుపుకుని కిటికీ దగ్గర కూర్చుని, "నేనిక్కణ్ణుంచి ఎక్కడికీ రాను" అన్నారు.

దుర్గ గోడకి చేరగిలబడిపోయింది. "రేపు చెబుతాంలే అమ్మా" అని పెద్దాయన మమ్మల్ని పంపించేశారు.

అద్దె ఇంటికొచ్చాక పిల్ల తల్లితో మాట్లాడలేదు. అల్లుడు పాపం టీవీ కూడా పెట్టలేదు. బుల్లెమ్మ మాత్రం రెండోసారి అన్నం వడ్డించుకుంటూ, "తప్పు చెప్పానా అక్కా?" అంది.

"తప్పు చెప్పలేదు. రెండు రోజులు ముందు చెప్పావు!" అన్నాను ఒళ్ళుమండి.

బుధవారం పొద్దున్నే అన్నపూర్ణమ్మ గారే ఫోను చేశారు. "నలుగురూ భోజనానికి రండి" అన్నారు. ఇంకో మాట లేదు. శుభమో, కాదో తెలియక దుర్గ దారిలో మూడుసార్లు జడ విప్పి అల్లుకుంది.

మేం వెళ్ళేసరికి మెట్లమీద అన్ని అంతస్తుల ఆడవాళ్ళూ కాచుకుని ఉన్నారు. "గోడ తట్టే ఆవిడ మీరేనా అండి?" అని నన్నడిగారు. "నేను కాదు, నా తోడికోడలు" అన్నాను, కాస్త గట్టిగానే. మా గోడ కూడా తట్టండి అంటే మా గోడ కూడా తట్టండి అని పోటీ పడ్డారు. బుల్లెమ్మ ఆ గోడలన్నీ తట్టి, ఎవరి కిటికీ వాళ్ళ గోడలోనే ఉందని చెప్పి, మేం పైకి చేరేసరికి అరగంట పట్టింది.

ఆవిడ లైటు వెయ్యకుండా వంట చేశారు. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర. అంతకంటే బాగా నేను వండుతాను కానీ ఆవేళ ఆ మాట అనలేదు. అందరికీ వడ్డించాక దుర్గ కంచం వైపు చూసి, "తినవే. ఇల్లు నీదే" అన్నారు.

దుర్గ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నిన్న నిజంగానే వెళ్ళకూడదనుకున్నాను. పొద్దున్న నేనే కూరకి ఆవాలు తెచ్చుకుందామని దిగాను. ఎక్కడానికి ఏసుపాదం, వాళ్ళావిడ చెరో రెక్కా పట్టుకోవాల్సొచ్చింది. వెలుతురొచ్చింది వంటగదికి కానీ నా మోకాళ్ళకి కాదుగా! ఈ వెలుగులో ఒక్క పూట వండాను, చాలు. అనుకున్న ధరకే. ఆయన నోరు నేను చూసుకుంటాను."

"నేనేమన్నానే?" అన్నారు పెద్దాయన.

"అనబోయారు" అని, ఆవిడ బుల్లెమ్మ వైపు తిరిగారు. "వదినగారూ, మీరు దాచిపెట్టి, నేను వెళ్ళాక కొట్టించి ఉంటే, ఎప్పుడో చూడ్డానికొచ్చి ఏడ్చి చచ్చేదాన్ని. మీ అమ్మాయికి కాక ఇంకెవరికిస్తాను?"

బుల్లెమ్మ కంచం ముందుకి జరిపింది. "కూర ఇంకాస్త వెయ్యండి వదినగారూ" అంది.

గురువారం రిజిస్ట్రేషను అయిపోయింది. సంతకాలు పెడుతున్నంతసేపూ దుర్గకి నవ్వు ఆగలేదు. గుమాస్తా రెండుసార్లు గుడ్లురిమి చూసి, చివరికి తనూ నవ్వేశాడు. సాయంత్రం పిల్ల మిఠాయి డబ్బా పట్టుకుని అన్నపూర్ణమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. మెట్లెక్కే ఓపిక లేక మేమిద్దరం పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. మిగతా వాళ్ళకి ఇంకా మేస్త్రీ దొరకలేదు. అంత పెద్ద గోడకి, ఆ చివర నుంచి ఈ చివర వరకూ, ఒక్కటంటే ఒక్కటే కిటికీ ఉంది.

అందులోంచి, ఊచల మధ్య నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగింది.

"అమ్మా! పెద్దమ్మా! అక్కడ కూర్చున్నారేంటి? మనింటికి రండి!"

ఆ అరుపుకి పార్కులో వాళ్ళంతా తలెత్తి చూశారు. చూడనీ!