గొట్టం విప్పి పెట్టిన ఇంజిను

1355 ఫసలీ, ఖుర్దాద్ నెల పన్నెండో తేదీ, పగలు పది గంటల నలభై నిమిషాలు. ఇంగ్లీషు లెక్కలో అది 1946 ఏప్రిల్ నెల. కొత్తకోట నుంచి పాలమూరు పోయే దారిలో, ఆరో మైలురాయి దగ్గర, నేను ఎక్కిన లారీ మొదటిసారి ఆగింది. సమయం నాకు కచ్చితంగా తెలుసు. ఆగిన వెంటనే గడియారం చూసి చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

దయ్యాలున్నాయని నేను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా వంశంలో పలక పట్టిన మొదటివాణ్ణి నేను. మా వాడలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని వేపమండలతో కొట్టేవాళ్ళు. అలాంటి చోటి నుంచి హైదరాబాదు పోయి బి.ఏ. చదివినవాడు మొట్టమొదట వదులుకునేది ఆ భయాన్నే. కాబట్టి ఇక్కడ రాసేది నమ్మమని ఎవరినీ అడగను. నేను చూసినదీ, నాతోపాటు మరి ఇద్దరు చూసినదీ వరుసగా చెబుతాను.

అప్పుడు నేను కొత్తకోటలో లెవీ ధాన్యం జమచేసే గిడ్డంగిలో గుమాస్తాను. చేరి పదకొండు రోజులైంది. జొన్న బస్తాలను పాలమూరు చేరవేయడానికి మాకొక డీజిల్ లారీ ఉండేది. యుద్ధం ముగిసినా నూనె ఇంకా కొలిచి ఇచ్చే కాలం. దారిలో ఎవరూ తోడుకోకుండా, లారీ బయలుదేరే ముందు నూనె టాంకీ మూత మీద లక్క కరిగించి పోసి, గుమాస్తా దాని మీద ఇత్తడి ముద్ర వెయ్యాలని ఉత్తర్వు. దారిలో ఆ ముద్ర పగలగొట్టవలసి వస్తే ఊరి పట్వారీని పిలిపించి, ఆయన ఎదుట పంచనామా రాయించిన తర్వాతే పగలగొట్టాలి.

నాకు ముందున్న గుమాస్తా మూతకు దారం చుట్టి, ముడి మీద చిటికెడు లక్క వేసి ముద్ర కొట్టేవాడట. అది నాకు నిర్లక్ష్యంగా తోచింది. లారీకి ముద్ర వెయ్యడం నాకు ఆ రోజే మొదలు. టాంకీ అంచుదాకా నింపించాను. మూత చుట్టూ, మూత పైన కూడా, సందు లేకుండా లక్క పోయించాను.

డ్రైవరు కరీం భాయ్ పక్కన నిలబడి చూస్తున్నాడు. “గింత లక్కతోని మా ఇంట్ల ఆడోళ్ళకు నాలుగు జతల గాజులైతుండె, మున్షీ సాబ్” అన్నాడు.

“ఇది సర్కారు లక్క భాయ్” అన్నాను. నవ్వకుండానే అన్నాను.

ఆ లారీలో మా అక్క ఉంది. పేరు ఈరమ్మ. పెండ్లయిన తొమ్మిదేళ్ళకు తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు పడుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఎల్లవ్వ ఇక తన చేతిలో ఏమీ లేదనీ, చీకటి పడేలోగా పాలమూరు దవాఖానకు చేరిస్తే తల్లినైనా దక్కించుకోవచ్చుననీ చెప్పింది. బావ సాయన్న అక్కను మంచం మీద మోయించుకుని పొద్దున్నే గిడ్డంగి ముందు దించాడు. బస్తాల మీద బొంత పరిచి, ఎండ తగలకుండా దుప్పటి కట్టి పడుకోబెట్టాము. ఎల్లవ్వ తోడు కూర్చుంది. ఈ రోడ్డు వేసినప్పుడు మా అక్క కంకర మోసింది. ఆ కూలితోనే నేను చదువుకున్నాను.

ఆరో మైలు దగ్గర చిన్న ఎత్తు ఎక్కుతుండగా ఇంజిను లాగడం తగ్గించి, రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. కరీం భాయ్ దిగి, ముందుగా టాంకీని వేలితో తట్టి చూశాడు. నిండుగానే ఉంది. ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతి పంపు కొట్టాడు. బుడగలు వచ్చాయి, ఆ వెనక కొంచెం నూనె వచ్చింది. మర బిగించి, హ్యాండిల్ వేసి తాను, బావ కలిసి తిప్పారు. ఇంజిను లేచింది. రెండు ఫర్లాంగులు పోయి మళ్ళీ ఆగింది.

రెండోసారి ఫిల్టరు విప్పి లోపలి ఉన్ని నమదా కడిగాడు. ఈసారి బండి వంద గజాలు పోయింది. మూడోసారి హ్యాండిల్ ఎంత తిప్పినా రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. తర్వాత అవీ లేవు. అతని అరచేతులు బొబ్బలెక్కాయి.

చివరికి ఫిల్టరు నుంచి పెద్ద పంపుకు నూనె తీసుకుపోయే గొట్టాన్ని రెండు వైపులా విప్పి, నేల మీద గోనెపట్టా పరిచి దాని మీద పెట్టాడు. ఫిల్టరు దగ్గర మూతి తెరిచి ఉంచి చేతి పంపు కొట్టాడు. చుక్క రాలేదు.

“మిషిన్ల ఏం లేదు సాబ్. టాంకి నూనె ఇడుస్తలేదు. లోపట ఏమన్న అడ్డం పడ్డదో ఏమో. మూత తీసి చూడాలె” అన్నాడు.

“పట్వారీ లేకుండా తీయరాదు భాయ్. ఉత్తర్వు ఉన్నది.”

“ఉత్తర్వు మీ కచేరీల ఉన్నది. మీ అక్క నా బండి మీద ఉన్నది.”

ఆ క్షణాన నా మనసులో ఉన్నది దాచకుండా చెప్పాలి. మా వాడ నుంచి సర్కారు కుర్చీలో కూర్చున్నవాడు నాకంటె ముందు లేడు. నేను తప్పు చేస్తే అది నా ఒక్కడి తప్పుగా లెక్కించరని, ఇకమీదట మావాళ్ళకెవరికీ ఆ కుర్చీ ఇవ్వరని భయపడ్డాను. పని పద్ధతిగా చేస్తే ఆలస్యమైనా ఆపద రాదని నమ్మాను.

దూరంగా ఒక ఊరు కనిపిస్తోంది, రెండు మైళ్ళుంటుంది. బావను పంపాను.

“బండి అడగాల్నా, పట్వారినా?” అన్నాడు బావ.

“ముందు పట్వారిని తోలుకరా బావా. బండి దొరికితె అది గూడ” అన్నాను.

అప్పటికి పన్నెండుంబావు.

ఆ తర్వాత దాదాపు రెండు గంటల సేపు ఆ రోడ్డు మీద మనిషి జాడ లేదు. అక్క మూలుగు మొదట ఆగి ఆగి వినిపించింది, తర్వాత పలచబడింది. ఎల్లవ్వ గుడ్డ తడిపి పెదవులకు అద్దుతోంది. ఒకసారి నా వైపు చూసి, “ఇంగ ఎంతసేపు కొడుకా” అంది. పట్వారీ వస్తున్నాడని చెప్పాను. “పట్వారొచ్చి కాన్పు చేస్తడా” అని మళ్ళీ గుడ్డ తడుపుకుంది.

రెండు గంటల ఐదు నిమిషాలకు ఇంజిను మొదలైంది.

అప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెబుతాను. కరీం భాయ్ ఇరవై అడుగుల దూరంలో తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. హ్యాండిల్ అతని ఒళ్ళో ఉంది. నేను లారీ వెనక, అక్క పాదాల దగ్గర నిలబడి ఉన్నాను. ఎల్లవ్వ పైన ఉంది. ముందు భాగంలో ఎవరూ లేరు. విప్పిన గొట్టం గోనెపట్టా మీదే ఉంది.

చప్పుడు రోజూ వినే చప్పుడే. బండి నిలబడ్డ చోటే అంతా అదిరింది. మడ్‌గార్డులు గిలగిలలాడాయి. కరీం భాయ్ లేచి పరుగెత్తుకొచ్చి ఇంజిను మీది రేకు ఎత్తాడు. నేనూ వెళ్ళి చూశాను. గొట్టం ఉండవలసిన చోట పంపు మూతి తెరుచుకుని ఉంది. అతను వేలు పెట్టి చూసి నాకు చూపించాడు. తడి లేదు. వెనక పొగగొట్టం దగ్గర పొగ లేదు. కరీం భాయ్ అల్లా పేరు తలచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎల్లవ్వ పిలిచింది. అక్క కళ్ళు తెరిచి ఉంది.

“కదిలిందా తమ్మీ?”

“కదిలిందక్కా.”

“ఎందాక వచ్చినం?”

నేను ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషి ఆమె. “మూసాపేట దాటినం” అన్నాను.

“జర మెల్లగ పొమ్మను. కుదుపుతాంది.”

“మెల్లగనే పోతున్నం బిడ్డా. దవాఖాన గోడలు అగుపడ్తున్నయి” అంది ఎల్లవ్వ.

అక్క చేయి పట్టుకున్నాను. బస్తాలు, బొంత, నా మోచేయి అన్నీ అదురుతున్నాయి. ఆమె ముఖం మీద నొప్పి లేదు. కాసేపటికి కళ్ళు మూసుకుంది. ఇంజిను నెమ్మదించి ఆగింది. ఎల్లవ్వ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొంగు తన నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు గంటల పదకొండు నిమిషాలు.

అప్పుడు నేను రాయి తీసుకుని లక్క ముద్ర పగలగొట్టాను. మూత వదులు కాగానే టాంకీ లోపలికి బుస్సుమని గాలి గుంజుకుంది. కరీం భాయ్ మూత తిరగేసి చూపించాడు. గాలి పోవడానికి దాని నడుమ సూదిమొన అంత రంధ్రం ఉంది. అందులో నా లక్క గట్టిపడి ఉంది. గాలి చొరబడక పంపు నూనెను లాగలేకపోయింది. అతను గొట్టం బిగించి చేతి పంపు కొడితే నూనె ధారగా వచ్చింది. ఇంజిను మొదటి తిప్పుకే లేచింది.

బావ ఒక్కడే తిరిగి వచ్చాడు. ఎవరో అధికారి గస్తీకి వస్తున్నాడని ఊళ్ళోని బండ్లన్నిటినీ వెట్టికి పట్టుకుపోయారట, పట్వారీ కూడా వాటి వెంటే వెళ్ళాడట. బావ లారీ ఎక్కి అక్కను చూశాడు. చాలాసేపటికి దిగాడు. జరిగినది నేనే చెప్పాను. రంధ్రం సంగతి కూడా చెప్పాను.

“మూత తీయనీకి పట్వారెందుకు బామ్మర్దీ” అన్నాడు.

తల్లినీ, కడుపులోని బిడ్డనూ కలిపి ఆ సాయంత్రమే మట్టి చేశాము.

పంచనామా లేకుండా ముద్ర పగలగొట్టినట్టు మూడో రోజు పైఅధికారికి లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఆయన చదివి సంతకం చేసి, కాగితాన్ని కట్టలో పెట్టించాడు. నన్ను ఏమీ అడగలేదు.

లారీ ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఆ ఆరు నిమిషాలు ఇంజిను ఎలా నడిచిందో తెలియదు. తర్వాతి కాలంలో ఇద్దరు ఇంజనీర్లను అడిగాను. పంపులో మిగిలిన నూనెతో కొన్ని క్షణాలు తిరగవచ్చునని ఒకరన్నారు. తిప్పేవాడు లేకుండా మొదలుకాదని ఆయనే మళ్ళీ అన్నారు. రెండో ఆయన, ఎండ దెబ్బకు అలా వినిపించి ఉంటుందన్నారు. ముగ్గురికీ వినిపించిందని, వేలు పెట్టి చూశామని చెబితే మాట మార్చారు. కరీం భాయ్ ఆ బండిని మరి తోలలేదు. ఎల్లవ్వ మాత్రం ఇందులో అడగవలసినదేమీ లేదన్నట్టు ఉండేది. నేను ఇన్నేళ్ళూ ఆలోచించి ఏమీ తేల్చుకోలేకపోయాను.

మారినది ఒకటుంది. అంతవరకు మా వాడవాళ్ళు ఏ కాగితం వచ్చినా నా చేత చదివించుకునేవాళ్ళు. ఆ ఎండాకాలం తర్వాత, నేను ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా, ఆ కాగితాలు పట్టుకుని మూడు కోసుల దూరం నడిచి కొత్తకోటలో ఎవరినో అడుక్కునేవాళ్ళు.