అవ్వ తిప్పిన కుట్టు మిషను

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు గానీ, నేను కుట్టు నేర్చుకోవాలనుకున్నది రవికల మోజుతో కాదు, మిషను చప్పుడు కోసం. ఆ రోజుల్లో నిజామాబాదులోని మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా, మూలన కూర్చున్న నన్ను మాట్లాడించేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవారు కారు. (నేనేమో మనుషులు కనబడితే మాట మరిచిపోయి, పుస్తకం కనబడితే ఆకలి మరిచిపోయే రకం.) గడగడమనే మిషను ముందున్న పిల్లను ఎవరూ పలకరించరని నా ఆశ.

బోధన్‌లో దుకాణం ఎత్తేస్తున్న ఒక దర్జీ దగ్గర మా బాపు పాత మిషను తెచ్చాడు, పనికి రాకపోతే వాపసు ఇచ్చే మాట మీద. అది కాళ్ళతో తొక్కేది. కుర్చీలో కూర్చుంటే తప్ప కుట్టలేం. మా అవ్వ, అంటే బాపు తల్లి, మా నాన్నమ్మ, పొద్దంతా అదే గదిలో చాప మీద ఉండేది. పెద్దావిడ కింద ఉండగా ఆడపిల్ల కుర్చీ ఎక్కడం మా ఇంట్లో లేదు. "నేను కింద, గీమె నా నెత్తి మీదనా?" అని అవ్వ ఒక్క మాటే అంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కొత్తగా ఫిట్టరు పనిలో చేరిన మా అన్న, మిషనును బల్ల మీంచి ఊడదీసి చెక్కపీటకు బిగించి, చేతిపిడి పెడితే నేల మీదే కుట్టుకోవచ్చన్నాడు. ఏనుగులంత యంత్రాలు చూసే తనకు ఇదో పనా అని కూడా అన్నాడు. నిండు చక్రం తీసి కమ్ముల చక్రం ఎక్కించాడు. పిడికున్న ఇనుప వేలు ఆ కమ్ముల మధ్య దూరి చక్రాన్ని తిప్పాలి. తిప్పింది. సూది మాత్రం కదల్లేదు.

"మీ ఫ్యాక్టరీల గిట్లనే చెరుకును ముట్టకుంటనే చక్రాలు తిరుగుతయా?" అని అవ్వ నెమ్మదిగా అడిగింది. అన్న చాయ్ పక్కన పెట్టి మళ్ళీ అన్నీ విప్పితే, చక్రాన్ని ఇరుసుకు పట్టించే మధ్య బిళ్ళను తిరగేసి పెట్టాడని తేలింది.

సూది ఆడింది గానీ కొత్త చిక్కొచ్చింది. కుడిచెయ్యి పిడికి పోతే, బట్టకు ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది. అంచు వెంట పోవలసిన కుట్టు, కాలువ దాటిన గేదెలా ఎటో పోయింది. బాపు చూసి, రేపే వాపసు ఇచ్చేస్తానన్నాడు. నా కళ్ళు నిండాయి. అవ్వ చూసినట్టుంది. చాపతో సహా జరిగి వచ్చి పిడి పట్టుకుంది. "వాపస్ ఎందుకురా, నేను తిప్పుత."

జన్మంతా ఇసుర్రాయి తిప్పిన చెయ్యి అది. అదే అలవాటున వెనక్కి తిప్పి దారమంతా ఉండ చేసింది. తిప్పే వైపును అన్న సరిచేశాడు గానీ, ఇంకో అలవాటును ఎవరూ సరిచేయలేకపోయారు. పాటో ముచ్చటో లేనిదే ఆ చెయ్యి కదలదు. "ఊకె కూసుంటే చెయ్యి నడుస్తదా బిడ్డ? నీ పుస్తకాలల్ల ఏమున్నదో చెప్పు" అంది.

మాటలు తప్పించుకోవడానికి కోరుకున్న మిషను ముందు కూర్చుని నేను పొద్దంతా మాట్లాడాను. కథలో యుద్ధం వస్తే అవ్వ చెయ్యి ఉరికేది, రాణి ఏడిస్తే ఆగిపోయేది. (నా మొదటి రవిక భుజం మీద ఆ రాజ్యం పడ్డ కష్టాలన్నీ ముడతలు ముడతలుగా కనబడేవి.)

ఇప్పుడు చుట్టాలొస్తే నేనే ముందు పలకరిస్తున్నాను. మూలన కూర్చున్న ఆనాటి పిల్ల ఇది చూస్తే సిగ్గుతో తలుపు చాటుకు పోయేది. అవ్వ మంచం పట్టాక, పక్కనే నేల మీద మిషను పెట్టుకుని, వంకరో టింకరో నేనే తిప్పుకుంటూ కథ చెప్పేదాన్ని. ఆ చివరి మధ్యాహ్నం రాజు ఇంకా కోట వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. అవ్వ కళ్ళు తెరవకుండానే నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల చాలు బిడ్డ. గా రాజు ఏడికి పోతడు, రేపు చెప్దువు."