మాస్టారి విటమిన్

మా బావకు మొదటి సూది వేసినప్పుడు మాస్టారు అది విటమిన్ అని చెప్పాడు. ఆ బాక్సింగ్ శిక్షణ శాలలో ఒక పద్ధతి ఉంది. గ్లవుజులు తొడిగే ముందు చేతులకు పట్టీలు చుట్టేది మాస్టారే. చుట్టేటప్పుడు బాక్సర్ తన చేతుల వైపు చూడకూడదు. బిగుతైందనీ వదులైందనీ అనకూడదు. గోడ వైపు చూస్తూ నిలబడాలి. ఒకసారి చేతులిచ్చాక అవి మాస్టారివి. చిన్నప్పటి నుంచీ అలా చేతులివ్వడం అలవాటైన మనిషి తుంటి కూడా అలాగే ఇచ్చాడు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. సీసా చేతిలోకి తీసుకుని చదవలేదు. చదవడం రాక కాదు. నా కడుపుమంట అదే.

బావంటే మా అక్క భర్త. పగలు షట్టర్లు బాగుచేసే షాపులో పని, సాయంత్రం రింగు. అక్కడ అందరూ అతన్ని వెన్నముద్ద అనేవాళ్లు. గుద్దు గట్టిదే, మనిషే మెత్తన. ఎదుటివాడి కాళ్లు తడబడితే ఒక అడుగు వెనక్కి వేసి, వాడు కుదుటపడేదాకా ఆగేవాడు.

"వాడికి కుర్చీ కూడా వెయ్యరా" అని మాస్టారు తాళ్ల అవతలి నుంచి కేకేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు, బావతో సహా.

పెద్ద పోటీలకు మనుషుల్ని ఎంచుకునే ప్రతిసారీ బావ ఎంపిక గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయేవాడు. మాస్టారికి మాత్రం తన గది గోడ మీద, పతకం మెళ్లో వేసుకున్న శిష్యుడి ఫొటో ఒకటి కావాలి. వెన్నముద్దతో ఆ ఫొటో రాదు. అందుకని విటమిన్.

అంతకుముందు గట్టిగా సాధన చేసిన మర్నాడు బావ మేడమెట్లు పీతలా పక్కవాటుగా దిగేవాడు. అక్క వెనకాలే వెక్కిరిస్తూ దిగేది. సూదులు మొదలయ్యాక మర్నాడు పొద్దున్నే ఈల వేస్తూ తాడు గెంతుతున్నాడు. ఒళ్లు నొప్పుల్లేవు కాబట్టి సాధన రెట్టింపయింది. ఇసక బస్తాను గుద్దితే పైన కొక్కెం కిర్రుమనేది. షాపులో ఇద్దరు పట్టుకుని ఎత్తే షట్టరును ఒక్కడే ఎత్తి గోడకానించాడు. చొక్కాల్లో చేతులు పట్టడం మానేశాయి. మొహం ఉబ్బింది. వీపు నిండా కురుపులు లేచాయి.

"మీ ఆయనకేం పెడుతున్నావమ్మా, మాకూ చెబుదూ" అని పక్కింటావిడ అడిగితే అక్క మురిసిపోయింది. మేమంతా మురిసిపోయాం. కురుపుల సంగతి ఎవరికీ పట్టలేదు.

తర్వాత కోపం వచ్చింది. షట్టరు శబ్దం చేస్తోందని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన పెద్దమనిషి మీదికి స్పానర్ ఎత్తాడు. ఓనరు మధ్యలోకి వచ్చాడు కాబట్టి సరిపోయింది. రింగులో, గంట మోగి అవతలివాడు చేతులు దించేశాక మూతి మీద గుద్దాడు. వాడు పళ్లు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పద్ధతంటూ ఉన్న చోటైతే ఆ పూటే మెడపట్టి బయటికి నెట్టాలి. మాస్టారు తాళ్ల మధ్య నుంచి దూరి లోపలికొచ్చి వీపు తట్టాడు.

"ఇప్పటికి బాక్సర్‌వయ్యావురా" అన్నాడు.

ఇంట్లో తగాదా వచ్చింది తడి తువ్వాలు దగ్గర. మంచం మీద పడేశావేమని అక్క అడిగింది. స్నానాలగది తలుపుకు ఆనుకుని నిలబడి అడిగింది. బావ పిడికిలి ఆమె చెవి పక్క నుంచి వెళ్లి తలుపులోంచి అవతలికి దిగింది. అక్క ఏడవలేదు. బట్టలు సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

"గిన్నె కింద పెట్టాలన్నా చప్పుడవుతుందేమోనని భయంగా ఉందిరా. అలా ఎన్నాళ్లుంటాను" అంది.

ఆ వారంలోనే బావ కుడిచేతిలో ఏదో తెగింది. బస్తాను గుద్దుతుంటే, సరిగ్గా షట్టరు పైకి చుట్టుకున్నట్టు, మోచేతి దగ్గరి కండ భుజం వైపు ముడుచుకుపోయింది. డాక్టరు చెయ్యి చూసి, ఒళ్లు చూసి, ఏం వాడుతున్నావని అడిగాడు. రక్తపరీక్షలో విటమిన్ బండారం బయటపడింది. స్టెరాయిడ్. కండ పెరిగినంత తొందరగా, దాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు గట్టిపడదట. ఆ బలాన్ని ఆ తాడు మొయ్యలేక తెగిందని చెప్పాడు.

నేను మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఎవరికో పట్టీలు చుడుతున్నాడు.

"నేనేం వేశానో మీ బావ అడిగాడా?" అన్నాడు తలెత్తకుండా.

"అడగకూడదని నేర్పింది మీరేగా."

"నేను నేర్పింది చేతుల సంగతయ్యా. ఒంట్లోకి ఏం పోతోందో వాడు చూసుకోవద్దూ? పెళ్లయిన మనిషి."

పట్టీలు చుట్టించుకుంటున్నవాడు గోడ వైపే చూస్తున్నాడు. బాక్సింగ్ సంఘం వాళ్లకు ఫిర్యాదు చేశాను. వాళ్లు మాస్టారిని పిలిచి టీ ఇచ్చి పంపారు, బావను ఆటలోంచి నిషేధించారు. బావే ఎక్కడో కొనుక్కుని పొడుచుకున్నాడని తేల్చారు. న్యాయం చెప్పే ముందు కనీసం ఇబ్బందిగా కుర్చీలో కదులుతారని పుస్తకాల్లో చదివాను. ఒక్కడూ కదల్లేదు.

మందు మానేశాక బావ గాలి తీసిన ట్యూబులా దిగిపోయాడు. పడుకుంటే లేవడు. లేస్తే ఎందుకు లేచానా అన్నట్టు కూర్చుంటాడు. సొంతంగా హార్మోన్ తయారుచేసుకోవడం ఒళ్లు మరిచిపోయింది, గుర్తు రావడానికి నెలలు పడుతుంది అన్నాడు డాక్టరు. బావ అతన్ని అడిగింది ఒకటే.

"ఆ తలుపు గుద్దింది మందా, నేనా?"

"కొందరిలో ఇది కోపం పెంచుతుంది, అందరిలోనూ కాదు" అన్నాడు డాక్టరు. "మీలో మందు వాటా ఎంతో, మీ వాటా ఎంతో కొలిచే పరీక్ష మా దగ్గర లేదు."

నాకు అందులో మొదటి సగం చాలు. పరుగున వెళ్లి అక్కకు చెప్పాను.

"మందు వల్లే, మళ్లీ జరగదు అని ఆయన నోటితో చెప్పమను" అంది అక్క. "ఇవాళే వెళ్తాను."

షాపుకు వెళ్లాను. బావ ఎడంచేత్తో షట్టరు పట్టాలకు నూనె రాస్తున్నాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది. అక్క మాట చెప్పాను. ఒక్క ముక్క చాలు బావా, నిజం కూడా అదే, ఆ మాస్టారు నీ బతుకు కాల్చేశాడు, కాపురమైనా దక్కించుకో అన్నాను. నూనె డబ్బా పక్కన పెట్టాడు.

"వాడు వెధవే, అందులో అనుమానం లేదురా బామ్మర్దీ" అన్నాడు. "కానీ తలుపు గుద్దినప్పుడు మీ అక్క మొహం చూశాను. వణికిపోయింది. నాకు బాగుంది. ఆ ఒక్క క్షణం నిజంగా బాగుంది. కోపం మందుదే అనుకో. బాగుండటం ఎవరిదో నాకు తెలీడం లేదు. అది తెలీకుండా మందు మీదికి నెట్టేసి మీ అక్కను తెచ్చుకోలేను. నువ్వెళ్లి ఇదంతా ఇలాగే చెప్పు. మధ్యలో నీ సొంత ముక్కలు కలపకు. విన్నాక ఆలోచించుకోమను. తొందరేం లేదు, తలుపు కూడా ఇంకా బాగుచెయ్యలేదు."