హైమవతి గారి ఒప్పుకోలు కాగితం

నూజివీడులో డాక్టర్ హైమవతి గారికి కోపం ముక్కు మీదే ఉండేది. కడుపుతో ఉన్న కోడలికి కడుపునిండా పెట్టని అత్తగార్లను వరండాలోనే నిలబెట్టి కడిగేసేది. ఆ నోటికి భయపడుతూనే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని పురుళ్ళకు ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

పందొమ్మిది వందల అరవై రెండులో ఆవిడకు మనీలా నుంచి ఉత్తరం వచ్చింది. స్త్రీల సమానత్వం మీద దేశదేశాల లేడీ డాక్టర్లు సభ పెట్టుకుంటున్నారు, మీరూ వచ్చి మాట్లాడండి అని. ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయి పది రోజులు కూర్చుని ఉపన్యాసం రాసుకుంది. ఒక మధ్యాహ్నం దాన్ని తెలుగులో చెప్పుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, ఆయా తులసమ్మ గుడ్డలు మడతపెడుతూ వింటోంది.

"ఆడదాని ఒంటి మీద హక్కు ఆడదానిదే" అంది హైమవతి.

"మరి మన దగ్గర సంతకం మొగుడెందుకు పెడతాడండీ అమ్మగారూ?" అంది తులసమ్మ తలెత్తకుండా.

హైమవతి అడుగు ఆగిపోయింది. తులసమ్మ మనసులో ఎవరున్నారో ఆవిడకు తెలుసు. కిందటేడు మామిడి సీజనులో ముసునూరు నుంచి పుష్పవతి అనే అమ్మాయిని కాన్పు కష్టమై తీసుకొచ్చారు. పెద్దాపరేషను చెయ్యాలి. ఒప్పుకోలు కాగితం మీద భర్త సంతకం లేనిదే హైమవతి కత్తి పట్టదు. ఏదైనా జరిగితే మగవాళ్ళు మీదికొస్తారని, ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజునే పెట్టుకున్న కట్టడి అది. భర్త ఇన్నయ్య కాయ లోడుతో హనుమాన్ జంక్షన్‌లో ఉన్నాడు. లారీల మధ్య అతన్ని వెతికి తెచ్చేసరికి మూడు గంటలు పట్టింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. "నాకు పేరు రాయడం వచ్చండీ, నేను పెడతాను" అని పుష్పవతి ఆ నొప్పుల్లోనే రెండుసార్లు అడిగింది. నీ సంతకం చెల్లదమ్మా అన్నది హైమవతే.

"తిట్టాలంటే తిట్టండి" అంది తులసమ్మ.

హైమవతి తిట్టలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మనీలా సభలో, ఇంట్లో రాసుకొచ్చిన కాగితాలు బల్ల మీద బోర్లించి, ఆ మూడు గంటల గురించే చెప్పింది. తన తప్పు దాచుకోలేదు. సభ అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకుని, తన ఆస్పత్రిలోనూ భర్తే సంతకం పెడతాడని మెల్లగా చెప్పింది. ఆవిడది ఏ దేశమో అడగడం కూడా మరిచిపోయింది హైమవతి.

ఇంటికొచ్చాక భర్త సంతకం అన్న చోట రోగి సంతకం అని కొత్త కాగితాలు అచ్చు వేయించింది. విమానం ఎక్కొచ్చింది కదా, అలాగే ఉంటుందని ఊళ్ళో పెద్దమనుషులు వెక్కిరించారు. అది ఆవిడ పట్టించుకోలేదు. పుష్పవతి మళ్ళీ తన గడప తొక్కుతుందా అన్నదొక్కటే ఆవిడ బెంగ.

మరుసటేడు మే నెలలో పుష్పవతి వచ్చింది, నొప్పులతోనే. ఈసారీ పెద్దాపరేషనే చెయ్యాలి. ఇన్నయ్య మళ్ళీ జంక్షన్‌లోనే ఉన్నాడు.

"మావాడికి కబురెళ్ళిందండీ, కాస్త ఆగండి" అంది అత్తగారు సుబ్బరత్నమ్మ.

హైమవతి కాగితం తెచ్చి మంచం పక్కన కూర్చుంది. "నువ్వు పెట్టమ్మా" అంది.

పుష్పవతి ఆవిడ ముఖంలోకి చూసింది. "ఇప్పుడు చెల్లుతుందాండీ?"

"అప్పుడూ చెల్లాల్సిందే తల్లీ. తప్పు నాది."

పుష్పవతి ఏడుస్తూనే నాలుగక్షరాలూ వంకరటింకరగా రాసింది. కాగితం జారకుండా హైమవతి పట్టుకుంది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

సాయంత్రం ఇన్నయ్య మామిడి జీడి మరకల చొక్కాతో రొప్పుకుంటూ వచ్చాడు. ఈసారి ఆలస్యం కాకూడదని దారిలోనే పెన్ను తీసి పట్టుకున్నాడు.

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

"నీ భార్య పెట్టేసిందయ్యా" అంది హైమవతి. "పెన్ను జేబులో పెట్టుకుని చేతులు కడుక్కునిరా. కూతుర్ని ఎత్తుకుందువుగాని."