మడిగెల మీది చిలకలు

మా ఆశన్న కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు బాన్సువాడలో లేరు. బెల్లం దుకాణం ఆయనది, పక్కన బట్టలు కుట్టే దుకాణం నాది. బేరం సగంలో ఉండగానే లేచి రోడ్డు మీదికి వెళ్లిపోయేవాడు. చాయ్ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాడు. అట్లాంటి మనిషికి ఓపికతో చేయాల్సిన పని పడింది.

మా దుకాణాలుండే నాలుగు మడిగెలు ఆయన తాత కట్టించినవి. ముందు కమాన్లు, టేకు స్తంభాలు, ప్రతి కమాను మీద సున్నపు గచ్చుతో చేసిన చిలకల జంట. 2004లో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి గోడల మీద ఎర్ర గీతలు గీసి పోయారు. పాత కట్టడమని సర్కారు రాసుకుంటే కూల్చరని ఎవరో చెప్పారు. ఇక ఆశన్న కాలుగాలిన పిల్లే. మడిగెల ఫోటోలు పట్టుకుని హైదరాబాదుకు ఏడుసార్లు తిరిగాడు. చివరికి, పదిహేను రోజుల్లో ఆఫీసరు వచ్చి చూస్తాడని కాగితం వచ్చింది.

ఆ పదిహేను రోజులే కొంప ముంచాయి. పొద్దున లేస్తే గోడల చుట్టూ తిరగడం, పెచ్చులు గోకడం.

“ముష్తాక్ భాయ్, సార్ వస్తే గీ నల్ల గోడలు చూపెడ్తమా? ఇజ్జత్ పోతది.”

“పిల్లను చూస్తందుకు వస్తుండ్రంటే ఇంటికి సున్నమన్న ఏస్తరు గదన్నా,” అన్నాను. నా నోరు ఊరుకోదు.

గచ్చు పనిచేసే లస్మవ్వ అటుగా పోతూ ఆగింది. ఆ చిలకలు వాళ్ల నాయన చేసినవే.

“దాన్ని గట్లనే ఉండనియ్యి బిడ్డా.”

“ఊకె ఎట్ల ఉండాలె అవ్వా?” అన్నాడు ఆశన్న.

మూడో రోజుకే మద్నూర్ నుంచి మేస్త్రీలు దిగారు. గోడలకు సిమెంటు, చిలకల మీద సిమెంటు, స్తంభాలకు ఆయిల్ పెయింటు. నీలం రంగు బాగుంటుందన్నది నేనే. పని అయ్యాక ఇద్దరం రోడ్డు అవతల నిలబడి మురిసిపోయాం కూడా, సిగ్గులేకుండా.

ఆఫీసరు జీపు దిగి అటూ ఇటూ చూశాడు.

“పాత మడిగెలు ఎక్కడ?”

“గివే సార్.”

ఆయన చేతిలోని ఫోటో చూసుకుని గోడను వేలితో తట్టాడు. రాసుకోవడానికి ఏమీ మిగల్లేదని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

జీపు మలుపు తిరగకముందే ఆశన్న ఉలీ సుత్తీ పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఆగమన్నా ఆగలేదు. సిమెంటు పెళ్లతో పాటు లోపలి గచ్చూ ఊడి వచ్చింది. ఒక చిలక తల ఆయన అరచేతిలో పడింది. దాన్ని పట్టుకుని లస్మవ్వ ఇంటికి ఉరికాడు, వెనకాలే నేను.

“అవ్వా, మళ్ల చేస్తవా?”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“చేస్త బిడ్డా. గని అది కొత్తదైతది.”

ఆశన్న ఆమె గడప మీద కూలబడ్డాడు. లస్మవ్వ చాయ్ తెచ్చి చేతికిచ్చింది. అది పూర్తిగా చల్లారిపోయేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.