సున్నా టన్నుల మనిషి

2016లో నేను బెల్లంపల్లి దగ్గర ఒక భూగర్భ గనిలో ప్రొడక్షన్ క్లర్కుని. షిఫ్టుకు ఎన్ని టన్నుల బొగ్గు వచ్చింది, ఎన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడ్డాయి అని రాయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. శాతాలు, సగటులు పాత రిజిస్టర్లు చూసి నేర్చుకున్నాను.

ఆ ఏడాది కాలనీ లైబ్రరీలో ఒక నవల మీద గొడవ నడిచింది. పరాయి భాష నుంచి వచ్చిన లావుపాటి పుస్తకం. సమాజాన్ని మోసేది కొద్దిమంది సమర్థులేనని, మిగతావాళ్ళు వాళ్ళ భుజాల మీద వేలాడతారని రచయిత వాదం. కార్మికుల లైబ్రరీలో ఇది ఉండొద్దని కొందరు సంతకాలు సేకరించారు. దాంతో చదివేవాళ్ళు పెరిగారు. నేను రెండుసార్లు చదివాను. తర్వాత క్యాంటీన్ వరసలో నిలబడ్డా సరే, మోసేవాడెవడు, వేలాడేవాడెవడు అని మనుషులను విడదీసి చూడడం అలవాటైంది.

అప్పుడే గనిలో ఒక డిస్ట్రిక్టు, అంటే బొగ్గు తీసే ఒక భాగం, మూతపడింది. పన్నెండు మందిని దూరపు గనికి పంపాలి. మేనేజరు జాబితా రాయమన్నారు. అంతకుముందు సర్వీసు తక్కువ ఉన్నవాళ్ళ పేర్లు రాసేవాళ్ళం. నేను కొత్తగా ఒక్కొక్కరి టన్నులను మస్టర్లతో భాగించాను. బొగ్గు ఎత్తే యంత్రం నడిపేవాళ్ళు పైకి వచ్చారు. అట్టడుగున కొమురయ్య. అతను సపోర్ట్‌మన్, కప్పు కూలకుండా దిమ్మెలు, బోల్టులు పెట్టే మనిషి. టన్నులు సున్నా. కింది పన్నెండు పేర్లు బదిలీకని జాబితా ఏరియా ఆఫీసుకు వెళ్ళింది.

మరునాడు కొమురయ్య వచ్చాడు. అతని భార్య లచ్చవ్వకు వారానికి రెండుసార్లు డయాలసిస్. మొదటి షిఫ్టు దిగి ఆస్పత్రికి తీసుకుపోయేది అతనే. దూరపు గనికి పోతే సమయానికి తిరిగి రాలేడు.

"నా పేరు ముందల సున్నా ఏసినవట, తమ్మీ?"

"నువ్వు బొగ్గు ఎత్తవు కదనే కొమురన్నా. లెక్క అట్ల వచ్చింది."

"ఎత్తేటోళ్ళు కప్పు కింద నిలవడి ఎత్తిన్రు. గా కప్పును ఎవలు నిలవెట్టిన్రో నీ బుక్కుల లేదా?"

నేను రిజిస్టరు తిరగేశాను, టన్నులకు, మస్టర్లకు తప్ప గడి లేదు.

"సరే తియ్. నీ పేరు ముందల ఎన్ని టన్నులున్నయ్?"

నా పేరు ఆ జాబితాలోనే లేదు. ఏనాడూ బొగ్గు ముట్టని నేను, అడగకుండానే మోసేవాళ్ళలో చేరిపోయాను. ఆ సాయంత్రం లైబ్రరీలో నవల చదివినవాళ్ళను, మీరు ఏ వైపు అని అడిగాను. తొమ్మిది మంది. తొమ్మిది మందీ మోసేవాళ్ళమే అన్నారు, సంతకాలు సేకరించినవాళ్ళలో ఒకాయనతో సహా.

తప్పు నాదని రాసి, సర్వీసును బట్టి మళ్ళీ జాబితా ఇచ్చాను. అందులో కొమురయ్య పేరు లేదు. కానీ మొదటి ఉత్తర్వు అప్పటికే వచ్చేసింది. కొమురయ్య వెళ్ళక తప్పలేదు. దాన్ని మార్చడానికి ఏడు వారాలు పట్టింది. అంటే పద్నాలుగు డయాలసిస్‌లు. సెలవు పెట్టో, షిఫ్టు మార్చుకునో పదిసార్లు లచ్చవ్వను నేను తీసుకుపోయాను. నాలుగు తప్పాయి. అలా తప్పిన ఒక వారం, ఆమె ముఖమంతా ఉబ్బి, ఆటోలో ఆయాసపడుతూ అడిగింది.

"నువ్వు రాస్తే పోయిండు, మల్ల నువ్వు రాస్తే వస్తడట. గంత బరువు నీ పెన్నుకున్నదా తమ్మీ?"

కొమురయ్య తిరిగి వచ్చాడు. ఆ నాలుగు మాత్రం నా దగ్గరే ఉన్నాయి.

పుస్తకం ఇంకా లైబ్రరీలోనే ఉంది. తీసేయమని నేను అనను. కానీ ఇప్పుడు ఏ జాబితా మొదలుపెట్టినా, మొదటి వరసలో పెన్సిలుతో నా పేరు రాసుకుంటాను. ఆ కొలతకు నాకెంత వస్తుందో చూశాకే రెండో పేరు రాస్తాను.