రివాల్వర్ మీద రూపాయి బిళ్ళ

అంకుల్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కార్ వాష్‌లో ఉన్నాను. కారు లోపల నేను, అద్దాల నిండా నురగ, నాలుగు వైపులా బ్రష్షులు. ఫోన్లో ఆంటీ చాలా మామూలుగా, "నాన్నా, మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు. పొద్దున కాఫీకి లేపబోతే తెలిసింది" అన్నారు. "సరే ఆంటీ" అన్నాను. చావు కబురుకి "సరే" అన్న మనిషిని నేనొక్కణ్ణేనేమో. కారు తళతళలాడుతూ బయటికొచ్చింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

పాఠక మహాశయులారా, ఈ నివాళి రాయడానికి నాకు అర్హత లేదు. ఇలాంటి వ్యాసాల్లో అందరూ వినయం కొద్దీ ఆ మాట అంటారు. నా విషయంలో అది వట్టి నిజం. చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన మాకు బంధువు కాదు. అమెరికాలో ఎడారి ఊరైన ఈ చాండ్లర్‌లో మా అమ్మానాన్నల ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యారు. ప్రతి శనివారం పొద్దున్నే తుపాకీ సాధన చేసే రేంజ్‌కి వెళ్ళి, కాగితం మీది నల్ల చుక్కని గురిచూసి కాల్చి, ఇంటికొచ్చి పేపర్ చదువుకునేవారు. మా ఊళ్ళో మిగతా అంకుల్స్ గోల్ఫ్ ఆడతారు. ఈయనది ఈ దారి.

నాకు ఆయనతో పరిచయం తుపాకుల దుకాణంలో. కొత్తగా ఉద్యోగం వచ్చి, టార్గెట్ షూటింగ్ మొదలుపెడదామన్న గొప్ప ఆలోచన కలిగిన రోజులవి. ఇంజనీర్ని కనక ముందు పరిశోధన చేశాను. పరిశోధన అంటే వీడియోలు చూడటం. రైస్ కుక్కర్ కొన్నా, కారు కొన్నా మనవాళ్ళది ఒకటే సిద్ధాంతం కదా: ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకుందాం, చుట్టాలొస్తారు. తుపాకీకి చుట్టాలు రారన్న సంగతి నాకు తట్టలేదు. కాలిబర్ అంటే గొట్టం ఎంత వెడల్పో చెప్పే అంకె. ట్వంటీటూ అంటే సన్నం, ఫార్టీఫోర్ అంటే దానికి రెండింతలు. అంకె పెద్దదైతే మార్కులు ఎక్కువని చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఫార్టీఫోర్ రివాల్వర్ చూపించమన్నాను. అందులోనూ పొట్టిది, తేలికది, ఫొటోలో బాగుండేది.

పక్కన నిలబడ్డ పెద్దాయన తెలుగులో అన్నారు: "ఏమయ్యా, ఎలుగుబంటి గానీ వెంటపడుతోందా?"

"లేదంకుల్, టార్గెట్ షూటింగ్‌కి."

"అంటే కాగితానికి చిల్లు పెట్టాలి."

"అంతే అంకుల్."

"కాగితం తిరగబడదు కదా! ట్వంటీటూ తీసుకో."

"అది చిన్నపిల్లలది కదంకుల్?"

ఆయన చేతిలోని తూటాల డబ్బా నాకేసి తిప్పారు. ట్వంటీటూ తూటాలు. నేను సిగ్గుపడవలసిన మొదటి సందర్భం అది. పడలేదు. కార్డు తీసి గీకాను. ఆయన నా పెట్టె చేత్తో తూచి, "పెద్దది కొనడం తప్పు కాదోయ్. పెద్దదీ, తేలికదీ ఒకటే కొన్నావు చూడు, అదీ తప్పు. బరువుంటే పేలినప్పటి తన్ను తుపాకీయే తింటుంది. లేకపోతే నువ్వు తింటావు" అన్నారు. తర్వాత వాళ్ళింటి అడ్రస్ చెప్పారు. మా అమ్మకి ఆంటీ అప్పటికే తెలుసట. ఈ ఊళ్ళో మనకు తెలియనివాళ్ళు మన అమ్మకు తెలియకుండా ఉండరు.

అదే నెలలో దసరా వచ్చింది. ఆయుధ పూజ అంకుల్ ఇంట్లో. అందరూ లాప్‌టాప్‌లు, కారు తాళాలు, మిక్సీలు తెచ్చి పెట్టారు. ఆయుధ పూజలో నిజంగా ఆయుధాలు పెట్టింది మేమిద్దరమే. అంకుల్‌కి ఇంట్లో ఒక నియమం ఉండేది. తూటాలన్నీ గరాజ్‌లో, తూటాలు పెట్టే ఆరు రంధ్రాల సిలిండర్ తెరిచి ఉండాలి, అది ఖాళీ అని ఇద్దరు చూసి పైకి చెప్పాలి. ఆంటీ వంటింట్లోంచి చూడకుండానే "ఖాళీ!" అనేవారు. "అక్కణ్ణించి కాదు, వచ్చి చూడు. నా కళ్ళు నాకు అబద్ధం చెప్తాయి, ఇంకో జత కావాలి" అనేవారు ఆయన. ఆంటీ గరిటె పట్టుకునే వచ్చి, ఆరు రంధ్రాల్లోకీ చూసి, "ఖాళీ మహాప్రభో" అని వెళ్ళేవారు.

పంతులుగారు నా రివాల్వర్‌కి ఘనంగా పసుపు, కుంకుమ పెట్టారు. నేను ఫొటోలు పెట్టాను. ఆ శనివారం స్నేహితుల్ని వెంటబెట్టుకుని, బొట్టు చెరగనీయకుండా, రేంజ్‌కి ఊరేగింపుగా వెళ్ళాను. అంకుల్ తుపాకీ అందుకుని గొట్టంలోకి చూసి, సన్నటి కడ్డీకి గుడ్డముక్క తగిలించి లోపలికి దూర్చారు. గుడ్డ ఎర్రగా, పసుపుగా బయటికొచ్చింది.

"పూజ గొట్టానికి బయట చెయ్యాలయ్యా. లోపల అడ్డం ఉంటే బ్యారెల్ పగిలి నీ మొహాన పడుతుంది."

"పంతులుగారు పెట్టారంకుల్..."

"పంతులుగారు నీ నోట్లో పెడితే ఊరుకుంటావా?"

స్నేహితులు నవ్వారు. అసలు నవ్వు ఇంకా ముందుంది. తూటాలు నేనే నింపుతానని ఆయన అటు తిరిగి నింపి ఇచ్చారు. వీడియో మొదలైంది. మొదటి గుండు పేలినప్పుడు నా అరచేతిని తలుపు సందులో పెట్టి నొక్కినట్టనిపించింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కాను. "టిక్" అంది, అంతే. అది ముందే కాల్చేసిన ఖాళీ తొడుగు. ఏమీ పేలలేదు కానీ నేను మాత్రం పేలాను. కళ్ళు గట్టిగా మూసి, పళ్ళు బిగించి, గొట్టాన్ని నేలకేసి దించేశాను. పేలకముందే భయపడి ఉలిక్కిపడటం అంటే ఏమిటో నాకు చూపించడానికి ఆయన ఖాళీలు కలిపి పెట్టారట. నాకు ఒక్కడికే చూపిద్దామనుకున్నారు పాపం. కానీ వీడియో తీస్తున్నది నా స్నేహితులు. ఇప్పటికీ ఆ గ్రూపులో ఎవరి పుట్టినరోజొచ్చినా నా నిమ్మకాయ మొహమే స్టిక్కర్.

తర్వాత కొన్ని వారాలు రేంజ్ వైపు వెళ్ళలేదు. ఆయనే ఫోన్ చేశారు.

"ఏమోయ్, చెయ్యి నొప్పా, మొహం నొప్పా?"

"మొహం అంకుల్."

"దానికి మా ఫార్మసీలో కూడా మందుండేది కాదు. శనివారం రా. కెమెరాలు వద్దు."

వెళ్ళాను. ట్వంటీటూ చేతికిచ్చారు. చాలాకాలం అదే. నా ఫార్టీఫోర్‌ని పూర్తిగా వెలివేయలేదు. అందులోనే పట్టే, తక్కువ మందుతో మెత్తగా పేలే తూటాలు కొనిపించి, ఒక్కోసారి ఒక్కటే వేసి ఇచ్చేవారు. అయిపోయాక టిఫిన్ డబ్బా తెరవబోతే చేతిమీద కొట్టేవారు. "సీసం పొడి ఉంటుంది. చన్నీళ్ళు, సబ్బు, మోచేతుల దాకా. వేణ్ణీళ్ళైతే చర్మం తెరుచుకుని లోపలికి పీలుస్తుంది." ఆ తర్వాతే ఆంటీ పంపిన దిబ్బరొట్టె. ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టర్లలా చేతులు పైకెత్తుకుని పార్కింగ్‌లోకి నడిచేవాళ్ళం.

ఆయన దగ్గరొక పాత ఫార్టీఫోర్ ఉండేది. పొడవు గొట్టం, పూర్తి ఉక్కు, చేతిలోకి తీసుకుంటే పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువు. నేను మొదట కొనవలసినది అలాంటిది. ఒకరోజు ఇంట్లో, ఖాళీ అని ఇద్దరం చూసి చెప్పాక, దాన్ని ఇటుక గోడవైపు గురిపెట్టమని, గొట్టం చివర ఇండియా రూపాయి బిళ్ళ ఒకటి పెట్టారు.

"ట్రిగ్గర్ నొక్కు. బిళ్ళ పడకూడదు."

పడింది.

"బిళ్ళ పడకుండా నొక్కిన రోజు ఇది నీది. మా పిల్లలకి ఇది ఇష్టం లేదు. మీ ఆంటీకి దీని మీద దుమ్ము తుడవడం ఇష్టం లేదు. నా కళ్ళ ముందు తీసుకెళ్ళు."

చివరి మాట నేను పట్టించుకోలేదు. రోజూ కాసేపు సాధన చేస్తే చాలని చెప్పారు. నేను వారానికోసారి వాళ్ళింట్లో మాత్రమే చేసేవాణ్ణి, అదీ జోకులేస్తూ. బిళ్ళ పడ్డప్పుడల్లా "రూపాయి విలువ మళ్ళీ పడింది అంకుల్" అనేవాణ్ణి. ఆయన ప్రతిసారీ నవ్వేవారు. అలా నవ్వకపోయి ఉంటే నేను నేర్చుకునేవాణ్ణేమోనని నేరం ఆయన మీదికే తోసే ప్రయత్నం కూడా చేశాను. నా మనసే ఒప్పుకోలేదు.

ఈ ఎండాకాలం ఆయన గుండె బలహీనపడింది. రేంజ్ మానేశారు. చూడటానికి వెళ్తే సోఫాలో దిండ్ల మధ్య కూర్చుని, రివాల్వర్ తెమ్మన్నారు. ఎత్తడం ఆయన వల్ల కాలేదు. నా చేతికిచ్చి, బిళ్ళ మాత్రం తన వేళ్ళతోనే పెట్టారు. ఆ రోజు నేను జోకు వేయలేదు. నిజంగా ఊపిరి బిగబట్టి నొక్కాను. పడింది.

"ఏసీ గాలి" అన్నారు అంకుల్, ఆంటీకేసి తిరిగి. "ఏమోయ్, ఏసీ ఆపు."

"జూలైలోనా! మీకేమన్నా మతి పోయిందా?" అన్నారు ఆంటీ.

"కుర్రాడు నొక్కుతున్నాడు, ఆపవే."

ఆపారు. చాండ్లర్‌లో జూలైలో ఏసీ ఆపితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. కాసేపటికి ముగ్గురికీ చెమటలు. మళ్ళీ నొక్కాను. బిళ్ళ సోఫా కిందికి దొర్లిపోయింది. నేను తలెత్తలేకపోయాను. ఆయన పైకి చూస్తూ, "ఫ్యాన్ తిరుగుతోందిగా, దాని తప్పే. ఫ్యాన్ కూడా ఆపు" అన్నారు.

ఫ్యాన్ కూడా ఆగింది. బిళ్ళ మళ్ళీ పడింది. ఈసారి ఆయనకి వంక దొరకలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "వచ్చే శనివారం చూద్దాం" అన్నారు. ఆ శనివారానికి ఆయన లేరు.

సంతాప సభలో ఒకాయన నన్ను "అంకుల్ గారి ప్రియ శిష్యుడు" అని పరిచయం చేశారు. అందరూ నావైపు తిరిగారు. నేను కింద నా పాదాలకేసి చూసుకున్నాను. సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. గురి తప్పకుండా నేను పెట్టగలిగిన చిల్లు అదొక్కటే.

అందరూ వెళ్ళాక ఆంటీ రివాల్వర్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. "తీసుకెళ్ళు నాన్నా. నీకే అన్నారుగా."

"బిళ్ళ పడకపోతే అన్నారు ఆంటీ."

"ఆయన లేరుగా. ఇప్పుడెవరు చూడొచ్చారు?"

పెట్టె అక్కడే వదిలేసి వచ్చాను. ఇంట్లో నా పొట్టి రివాల్వర్ తీసి, రోజూ పొద్దున గోడకేసి ఖాళీగా నొక్కడం మొదలుపెట్టాను. ఇప్పుడు కుదిరింది నాకు తీరిక.

శనివారాలు మాత్రం ఆంటీ దగ్గరికి వెళ్తాను. పెట్టెలోంచి రివాల్వర్ తీసి, సిలిండర్ తెరిచి ఆవిడ ముందు పెడతాను. ఆవిడ వంటింట్లోంచి అరవరు. వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆరు రంధ్రాల్లోకీ చూసి, "ఖాళీ" అంటారు. నేనూ అంటాను. మొన్న బిళ్ళ కాసేపు నిలబడింది. ట్రిగ్గర్ సగం దాకా వచ్చేవరకూ నిలబడి, తర్వాత జారి సోఫా కిందికే పోయింది. నేను నేల మీద పడుకుని దాని కోసం చెయ్యి చాపుతుంటే, పైన ఏదో చప్పుడు ఆగింది. తల తిప్పి చూస్తే ఆంటీ గోడ దగ్గర, స్విచ్ మీద వేలు పెట్టి నిలబడి ఉన్నారు. ఏసీ ఎప్పుడు ఆపేశారో మరి, నుదుటి మీద అప్పటికే చెమట. ఫ్యాన్ రెక్కలు ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నాయి. అవి పూర్తిగా ఆగేదాకా ఇద్దరం పైకే చూస్తూ ఉండిపోయాం.